భావోద్వేగాల దారి వెతకడానికి ఏది మేలు: ట్రేసరా, ఎమ్మారై స్కానా?

భయం, కోపం, టెన్షన్ లాంటివాటిలో మెదడు లోతుల్లో ఉండే అమిగ్డలా అనే భాగానిది పెద్ద పాత్ర. వాటిని అదుపులో పెట్టడంలో ముందుమెదడులోని ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పాత్ర ఉంది. ఈ రెంటినీ కలిపే నాడీ తంతువులను వెతకడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. ఒకటి కోతి మెదడులోకి ట్రేసర్ ఎక్కించడం, రెండోది బతికున్న మనిషికి డిఫ్యూజన్ ఎమ్మారై తీయడం. ఎవరు ఎవరికి కబురు పంపుతున్నారన్నదే ప్రశ్న అయితే నా ఓటు ట్రేసర్‌కే.

ట్రేసర్ అంటే నాడీకణం తనలోకి తీసుకుని తంతువు వెంట మోసుకుపోయే పదార్థం. రీసస్ కోతి మెదడులో ఒక చోట కొద్దిగా ఎక్కించి, అది పాకేదాకా ఆగి, ఆ తర్వాత మెదడును పలచటి పొరలుగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. కొన్ని ట్రేసర్లు కణం నుంచి తంతువు కొసకు వెళ్తాయి, కొన్ని కొస నుంచి వెనక్కి కణానికి వస్తాయి. అందుకే దిశ తేలుతుంది.

బోస్టన్ యూనివర్సిటీలో హెలెన్ బార్బాస్ బృందం 2002లో, 2007లో ప్రచురించిన ఫలితాలు నాకు ఇప్పటికీ అబ్బురమే. ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో కళ్ల పైభాగాన ఉండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్ వెనుక భాగం అమిగ్డలాకు పంపేదానికంటే అక్కడి నుంచి అందుకునేదే ఎక్కువ. మెదడు రెండు సగాలు ఎదురెదురుగా ఉండే లోపలి వైపున, ముందుభాగంలో ఉండే యాంటీరియర్ సింగులేట్ తీరు వేరు, అది ఎక్కువగా పంపుతుంది. ఇంకో విశేషం: ఆర్బిటోఫ్రంటల్ వెనుక భాగం నుంచి వెళ్లే తంతువులు అమిగ్డలాలోని ఇంటర్‌కలేటెడ్ కణాల గుంపుల మీద దట్టంగా దిగుతాయి. ఇతర కణాలను ఆపడమే ఆ కణాల పని. ఆలోచనకూ ప్లానింగుకూ ముఖ్యమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పక్కభాగానికి మాత్రం అమిగ్డలాతో నేరు సంబంధం చాలా పలచన. అంటే అది అమిగ్డలాను అదుపు చేయాలంటే చాలావరకు మధ్యలో ఇంకొకరి సాయం కావాలి.

ఇదంతా ఎమ్మారైలో దొరకదు. అది నీటి కదలికను కొలుస్తుంది, కంప్యూటర్ దాని నుంచి గీతలు అల్లుతుంది. రోడ్డు కనబడుతుంది, బండ్లు ఎటు పోతున్నాయో కనబడదు. స్కాన్‌లో ఒక్కో గడి సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి ఇంటర్‌కలేటెడ్ కణాల గుంపుల్లాంటివి అందులో కలిసిపోతాయి. తంతువులు ఒకదాన్నొకటి దాటే చోట తప్పుడు గీతలు కూడా పుడతాయి. 2017లో పలు బృందాల ప్రోగ్రాములను ముందే తెలిసిన దారులున్న కృత్రిమ డేటా మీద పరీక్షించారు. అసలు దారులు చాలావరకు దొరికాయి. లేని దారులు అంతకంటే ఎక్కువ వచ్చాయి.

అయినా ఎమ్మారైని పక్కన పెట్టలేం. ట్రేసర్‌కు కోతి ప్రాణం పోతుంది, అది చిన్న విషయం కాదు. మనుషుల మీద ఆ పని చేయలేం. ఎదిగే పిల్లల్లో ముందుమెదడునూ కణత వైపు భాగాన్నీ కలిపే అన్సినేట్ ఫాసిక్యులస్ లాంటి పెద్ద తంతువుల కట్టలు ఎలా మారుతున్నాయో ఏళ్ల తరబడి చూడాలంటే స్కానే దిక్కు. మందులకు లొంగని డిప్రెషన్‌కు మెదడులో ఎలక్ట్రోడ్ పెట్టే చికిత్సను న్యూరాలజిస్ట్ హెలెన్ మేబర్గ్ బృందం 2005లో వివరించింది. తర్వాత ఎలక్ట్రోడ్ సరిగ్గా ఎక్కడ ఉండాలో ఆ రోగి స్కాన్‌లోని దారులను చూసి నిర్ణయించడం మొదలైంది. ఆ రోగి తలలో తంతువులు ఎటు పోతున్నాయో ఏ కోతి స్లైడూ చెప్పదు.

కాబట్టి ఒక మనిషికి చికిత్స చేయాలంటే స్కాన్. ఫలానా భాగం అమిగ్డలాను ఆపుతోందని ఎవరైనా రంగురంగుల స్కాన్ బొమ్మ ఒక్కటే చూపించి చెబితే మాత్రం, కోతుల్లో ట్రేసర్‌తో ఆ దారి, ఆ దిశ దొరికాయా అని అడగాలి.