స్మార్ట్‌వాచ్ స్క్రీన్ పైకి లేచిందా? డిస్‌ప్లేకి డబ్బు కట్టే ముందు బ్యాటరీ చూపించండి (అనంతపురం, సుభాష్ రోడ్డు)

అనంతపురం సుభాష్ రోడ్డులో మొబైల్ షాపుల మధ్య ఒక చిన్న రిపేరు షాపు ఉంది, పెద్ద బోర్డేమీ ఉండదు. అక్కడ నా వాచ్‌కి చేసిన పని చాలా బాగుంది, అందుకే రాస్తున్నా.

వాచ్ వారంటీ అయిపోయింది. పొద్దున ఫుల్ ఛార్జింగ్ పెడితే మధ్యాహ్నానికే ఆగిపోయేది. తర్వాత ముట్టుకోకుండానే స్క్రీన్ తనంతట తనే కదలడం, ఒక పక్క టచ్ పనిచేయకపోవడం, చివరికి అద్దం అంచున గోరు దూరేంత సందు. సర్వీస్ సెంటర్‌లో విప్పి చూడకుండానే డిస్‌ప్లే పోయింది మార్చాలన్నారు, వాళ్లు చెప్పిన రేటుకి ఇంకొంచెం వేస్తే కొత్త వాచే వస్తుంది. బ్యాటరీ సంగతేంటని అడిగితే ముందు స్క్రీన్ వేయించండి, తర్వాత చూద్దాం అన్నారు. ఇది సరైన పద్ధతి కాదు.

ఈ షాపతను వాచ్‌ని పక్కకి తిప్పి అంచు వెంబడి చూసి, "అన్నా, ఇంక దీనికి ఛార్జింగ్ పెట్టొద్దు, లోపల బ్యాటరీ ఉబ్బింది" అన్నాడు. గమ్ము మెత్తబడేలా కొంచెం వేడి చేసి నా ముందే తెరిచాడు. బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. లిథియం బ్యాటరీ పాతబడినా, వేడికి ఎక్కువగా గురైనా లోపల గ్యాస్ పుడుతుంది, వాచ్‌లో ఖాళీ ఉండదు కాబట్టి అది స్క్రీన్‌నే కింద నుంచి తోస్తుంది, టచ్ పిచ్చిపిచ్చిగా చేసేది అందుకే. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, ఆపిల్ అయితే తన మామూలు వాచ్‌లని 35 డిగ్రీల లోపే వాడమంటుంది. ఎండలో ఆపిన కారులో వాచ్ వదిలేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. లేచిన అద్దాన్ని మాత్రం వేలితో నొక్కి మూయకండి, ఉబ్బిన బ్యాటరీ చిల్లుపడితే మంట రావచ్చు.

బ్యాటరీ మార్చాక పాత స్క్రీనే చక్కగా పనిచేస్తోంది. ఛార్జింగ్ కూడా రాత్రిదాకా నిలుస్తోంది.

ఇబ్బందులూ ఉన్నాయి. నా మోడల్ బ్యాటరీ షాపులో లేదు, బెంగళూరు నుంచి తెప్పించేదాకా ఆగాల్సి వచ్చింది. అది కంపెనీ బ్యాటరీ కాదు. బిల్లు అడిగితే చీటీ రాసిచ్చాడు, అంతే. ఒకసారి తెరిచాక ముందున్నంత వాటర్‌ప్రూఫ్ ఉండదు, స్నానానికి తీసేయమని పని మొదలుపెట్టకముందే చెప్పాడు, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

అద్దం లేవకుండా ఛార్జింగ్ మాత్రమే త్వరగా దిగిపోతుంటే షాపుకి పరిగెత్తక్కర్లేదు. వాచ్ వెనక ఛార్జింగ్ పిన్నుల మీద చెమట పేరుకుంటే ఛార్జింగే సరిగ్గా ఎక్కదు, పొడిగుడ్డతో తుడవండి. ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే (స్క్రీన్ ఎప్పుడూ వెలిగే ఉండటం), రోజంతా రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఆప్షన్ ఆపి, ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. అప్పటికీ దారికి రాకపోతే ఈ షాపుకి పొద్దున్నే వెళ్లండి, సాయంత్రం ఫోన్ల గిరాకీ ఎక్కువ, వాచ్ తీరిగ్గా చూడలేడు.