తిన్న రెండు గంటలకు: షుగర్ మిషనుతో నాలుగేళ్లు

నేను షుగర్ మిషను కొన్నది 2021లో. మొదటి ఏడాదంతా అది నాకు ఏ ఉపకారమూ చేయలేదు. ఆ తర్వాతి మూడేళ్లలో నా తిండినీ నడకనూ నిద్రనూ మార్చేసింది. మిషను మార్చలేదు, రక్తపు చుక్క పెట్టే స్ట్రిప్పుల రకమూ మార్చలేదు. ఏ వేళ పరీక్షించాలో తెలిసింది, అంతే. కొత్తగా కొనబోయేవాళ్లకు ఆ మొదటి ఏడాది వృథా కాకూడదని ఇది రాస్తున్నాను.

మాది ఇందుకూరుపేట మండలం. మైపాడు వైపు రెండు వెనామీ రొయ్యల చెరువులు సాగు చేస్తాను. నలభై అయిదో ఏట మడమ మీద పుండు ఎంతకీ మానకపోతే నెల్లూరు పొగతోటలో ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాను. రక్తపరీక్షలో, గడిచిన రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.1 వచ్చింది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు రాసి, ఇంట్లో చూసుకోవడానికి మిషను కొనుక్కోమన్నారు. ఆ సాయంత్రమే కొన్నాను.

ఇక రోజూ పరగడుపున వేలు పొడుచుకోవడం మొదలుపెట్టాను. 128, 134, 119. అంకె బాగుంటే ఆ రోజంతా ధైర్యం. ముందురోజు పెళ్లి భోజనం చేసి ఉంటే మిషను జోలికే వెళ్లేవాణ్ణి కాదు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లే ముందు రెండు రోజులు అన్నం సగానికి తగ్గించేవాణ్ణి. ఏడాది తర్వాత హెచ్‌బీఏ1సీ చేయిస్తే 8.6. పరగడుపు అంకెలన్నీ చక్కగా ఉంటే ఇది ఇంత ఎందుకుందని అడిగాను. రక్తంలో తిరిగే గ్లూకోజు ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుందట. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి గడిచిన రెండు మూడు నెలల లెక్క అందులో నిలిచి ఉంటుందట. రెండు రోజుల పస్తు ఆ లెక్కను చెరపలేదు. పరగడుపున తక్కువగా ఉండి, తిన్న తర్వాత చాలా ఎక్కువకు ఎక్కుతున్నట్టుంది, అది మీరు చూడటం లేదు అన్నారావిడ. తినే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూసి తేడా రాయమన్నారు.

ఆ సాయంత్రం చెరువు దగ్గర చెక్ ట్రే పైకి లాగుతుండగా ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది. రొయ్యల సాగు తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: మేత చల్లేటప్పుడు అందులో కొంచెం చెక్ ట్రేలో వేసి నీళ్లలోకి దించుతాం. సుమారు రెండు గంటలకు పైకి తీసి చూస్తాం. మేత మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తాం, ఊడ్చిపెట్టినట్టు ఖాళీ అయితే కాస్త పెంచుతాం. ట్రే చూడకుండా కళ్లు మూసుకుని మేత వేసే రైతు ఆ పంట నిలబెట్టుకోలేడు. పన్నెండేళ్లుగా రొయ్యల విషయంలో ఇంత జాగ్రత్తగా ఉన్నవాణ్ణి, నా ఒంటికి వేసిన మేత ఏమవుతోందో ఒక్క పూట కూడా చూడలేదు. చెరువు లెక్కలు రాసే పుస్తకం లాంటిదే ఇంకొకటి కొన్నాను. నాలుగు గడులు గీశాను: ఏం తిన్నాను, ఎంత తిన్నాను, ముందు ఎంత, తర్వాత ఎంత.

రోజూ మూడు పూటలా రెండేసిసార్లు చూస్తే స్ట్రిప్పుల ఖర్చు భరించలేం. అందుకని ఒక్కో వారానికి ఒక్కో పూట ఎంచుకున్నాను. మొదటి వారం పొద్దున టిఫిను, రెండో వారం మధ్యాహ్న భోజనం, మూడో వారం రాత్రి భోజనం. రెండు గంటలు లెక్కపెట్టేది మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి. పరగడుపున 80 నుంచి 130 మధ్య, తిన్న తర్వాత 180 లోపు ఉండాలని డాక్టరమ్మ నాకు హద్దులు పెట్టారు. మీ వయసును బట్టి, ఇతర జబ్బులను బట్టి మీ హద్దులు వేరుగా ఉండవచ్చు.

మొదటి వారమే కళ్లు తెరిపించింది. కొబ్బరి చట్నీతో నాలుగు దోసెలు తిన్న రోజు 124 నుంచి 241కి ఎక్కింది. రెండు దోసెలు, ఒక ఉడికించిన గుడ్డు, వేరుశనగ చట్నీ తిన్న రోజు 126 నుంచి 172. ఆకలి రెండు రోజులూ ఒకేలా తీరింది. నాకు ఇంకెవరూ ఉపదేశం చేయనవసరం లేకపోయింది. రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తుంటే మూడో దోసె వైపు చేయి వెళ్లలేదు.

మధ్యాహ్నం సంగతి కష్టమైనది. మొలగొలుకులనే వరి పండిన నేల ఇది, మాకు అన్నమే భోజనం. మామిడికాయ వేసిన చేపల పులుసు ఉన్న రోజు అన్నం ఎంత తిన్నామో లెక్క ఉండదు. పులుసు మానేయాలేమోనని భయపడ్డాను. మానలేదు. ముందు కూర, చేప ముక్కలు తిని, ఆఖరున అన్నం పులుసుతో కలుపుకోవడం మొదలుపెట్టాను. అన్నం ఒకటిన్నర కప్పు కొలిచి పెట్టించుకున్నాను. మొదట్లో నా భార్యకు ఆ వరస నచ్చలేదు. పులుసును అన్నంతో మొదలుపెట్టకుండా ఎలా తింటారు అంది. పుస్తకంలో 228 పక్కన 169 చూపించాక తనే ముక్కలు ముందు వడ్డించసాగింది. ఆ ఏడాది రొట్టెల పండుగకు నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, నా ఒళ్లు బాగుపడాలని కోరుకుని ఆరోగ్య రొట్టె పట్టుకుంది. కోరిక తీరిందని మరుసటి ఏడాది ఇద్దరం కలిసి వెళ్లి రొట్టె ఇచ్చి వచ్చాం.

నేను పొరపాటు పడిన చోటు రాగిసంకటి. రాగి మంచిదని అందరూ అంటారు కదా అని రాత్రిపూట రెండు పెద్ద ముద్దలు తినేవాణ్ణి. 130 నుంచి 236కి చేరింది. రాగిలో పీచు, కాల్షియం ఉన్న మాట నిజమే, కానీ అదీ పిండిపదార్థమే. ముద్ద ఎంత ఉందన్నది చూడాలి. ఒక్క ముద్ద, పక్కన ఆకుకూర పప్పు పెట్టుకుంటే నాకు సరిపోయింది. బంగినపల్లి మామిడి కూడా అంతే. భోజనం మీద పండంతా తింటే హద్దు దాటింది. సాయంత్రం విడిగా మూడు ముక్కలు తింటే దాటలేదు. ఇవి నా ఒంటి లెక్కలు. ఇవే అంకెలు ఇంకొకరికి రావు, అందుకే ఎవరి పుస్తకం వాళ్లు రాసుకోవాలి.

నడక గురించి చెప్పాలి. పొద్దున్నే అయిదు కిలోమీటర్లు నడుస్తానని అంతకుముందు మూడుసార్లు ఒట్టు పెట్టుకున్నాను, పది రోజులకు మించి ఒక్కసారీ సాగలేదు. ఈసారి కొత్త పని ఏదీ నెత్తిన వేసుకోలేదు. మధ్యాహ్నం భోజనం చేయగానే చెరువు గట్టు మీద నాలుగు చెక్ ట్రేలూ నేనే చూసి వస్తున్నాను. అంతకుముందు కుర్రవాణ్ణి పంపేవాణ్ణి. పావుగంట నడక అవుతుంది. నడిచిన రోజుకీ కూర్చున్న రోజుకీ, అదే భోజనానికి, 30 నుంచి 40 తేడా కనిపించింది. కండరాలు కదిలినప్పుడు రక్తంలోని గ్లూకోజును వాడుకుంటాయి. ఆ సంగతి ఎప్పుడో విన్నదే. మిషను మీద చూశాక మాత్రం భోజనం తర్వాత నవారు మంచం ఎక్కబుద్ధి కాలేదు. ఉన్న పనికి ముడివేసిన నడక మూడేళ్లయినా తెగలేదు.

నిద్ర సంగతి నేను వెతికి కనిపెట్టింది కాదు, పుస్తకమే చూపించింది. కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి. నీళ్లలో ప్రాణవాయువు తగ్గి తెల్లారేలోగా పంటంతా పోవచ్చు. అందుకే చాలా రాత్రులు జనరేటరు పక్కనే కాపలా. అలా మేలుకున్న రాత్రుల తర్వాత పరగడుపు అంకె ఇరవై ముప్పై ఎక్కువగా ఉండేది, రాత్రి ఏమీ తినకపోయినా సరే. నిద్ర చెడితే ఇన్సులిన్ సరిగా పనిచేయదని, పైగా తెల్లవారుజామున కాలేయం సొంతంగా గ్లూకోజు వదులుతుందని డాక్టరమ్మ వివరించారు. కాపలాకు మనిషిని పెట్టి, వారంలో రెండు రాత్రులకు మించి మేలుకోవడం మానేశాను. ఆ జీతం నాకు బరువే, అయినా ఇస్తున్నాను.

ఈ మిషను నా ప్రాణం కాపాడిన రాత్రి ఒకటి ఉంది. అన్నం తగ్గించాను, నడక పెంచాను, మాత్రలు మాత్రం పాతవే వేసుకుంటున్నాను. ఒక రాత్రి గట్టు మీద చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు మసకబారాయి. సంచిలోంచి మిషను తీసి చూస్తే 58. 70 కంటే తగ్గితే ప్రమాదమని ముందే చెప్పి ఉన్నారు. షెడ్డులో టీ కోసం పెట్టిన చక్కెర మూడు చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూశాను. 84 వచ్చింది. మర్నాడు పుస్తకం తీసుకుని వెళితే గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించారు. తిండి మార్చుకుంటున్న సంగతి డాక్టరుకు చెప్పకుండా దాచడం ఎంత అపాయమో ఆ రాత్రి తెలిసింది. మాత్రలు సొంతంగా ఆపడం అంతకంటే అపాయం.

ఇక మిషను లోపాలు. ఇది ప్రయోగశాల పరికరం కాదు. స్ట్రిప్పు మీద ఉండే ఎంజైము గ్లూకోజుతో కలిసినప్పుడు పుట్టే చిన్న విద్యుత్తును కొలిచి అంకె చూపిస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే 100 దాటిన అంకెల్లో 15 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. అంటే అసలు విలువ 200 అయితే 170 చూపినా 230 చూపినా తప్పు కాదు. ఒక్క అంకె చూసి సంబరపడకూడదు, బెంగపడకూడదు. ఒకే భోజనాన్ని మూడు రోజులు చూశాకే నేను ఒక నిర్ణయానికి వస్తాను.

మా ఎండలు దీనికి పడవు. రోహిణి కార్తెలో బండి పెట్టెలో పెట్టి మరిచిపోతే తెర మీద ఎర్రర్ తప్ప ఏమీ రాలేదు. నీడలో అరగంట ఉంచాక పనిచేసింది. సముద్రపు గాలి తేమకు స్ట్రిప్పులు ఇంకా త్వరగా పాడవుతాయి. డబ్బా మూత సరిగా పెట్టని ఒక నెలలో అంకెలు పొంతన లేకుండా వచ్చి, సగం డబ్బా పారేశాను. చేతులు కడుక్కోవడం మరీ ముఖ్యం. మామిడి పండు కోసిన చేత్తో చూస్తే 287, సబ్బుతో కడిగి ఆరబెట్టుకుని చూస్తే 158. వేలి కొసన కాకుండా పక్కన పొడుచుకుంటే నొప్పి తక్కువ. వాడిన సూదులు మందమైన ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి.

ఖర్చు మిషనుది కాదు, స్ట్రిప్పులది. 50 స్ట్రిప్పుల డబ్బా నాకు తొమ్మిది వందల పైచిలుకు పడుతోంది. కొనే ముందు మీ ఊరి మందుల దుకాణంలో ఆ స్ట్రిప్పులు ఎప్పుడూ దొరుకుతాయో లేదో అడగండి, గడువు తేదీ చూడండి. మొదటి మూడు నెలలు నేను నెలకు దాదాపు 60 వాడాను. ఇప్పుడు పన్నెండు చాలు: కొత్త వంటకం తిన్నప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, ఒంట్లో తేడాగా ఉన్నప్పుడు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఈ పొదుపు పనికిరాదు, వాళ్లు డాక్టరు చెప్పినన్నిసార్లు చూసుకోవలసిందే. మాత్రలతో నిలకడగా ఉన్నవాళ్లు, అంకె చూసి నిద్ర పోగొట్టుకునే స్వభావం ఉన్నవాళ్లు రోజూ పొడుచుకోవలసిన అవసరం ఉందో లేదో ముందు డాక్టరును అడగడం మంచిది.

మొన్నటి పరీక్షలో నా హెచ్‌బీఏ1సీ 6.7. మడమ పుండు మచ్చగా మిగిలింది. పోయిన నెల మా చెరువు కాపలా చూసే పెద్దాయన, రాత్రిళ్లు నాలుగుసార్లు లేవవలసి వస్తోంది, దాహం తీరడం లేదు, "నాకూ ఒకసారి చూడు బాబూ" అన్నాడు. కొత్త సూది విప్పి చూశాను. 312. ఆయన ఆ అంకె వైపు చూసి, ఇప్పుడేం చేయాలి అన్నాడు. మర్నాడు పొద్దున ఇద్దరం బస్సెక్కి పొగతోట వెళ్లాం. వచ్చేటప్పుడు దారిలో ఆగి ఆయనకు ఒక నోటుపుస్తకం కొన్నాను. నాలుగు గడులూ బస్సులోనే గీసి ఇచ్చాను.