బండి పంపడమా, తలుపు తట్టడమా?

ఒంటరిగా ఉండే పెద్దాయన వారానికి మూడుసార్లు 108కి ఫోన్ చేస్తాడనుకోండి. గుండె దడ, నిద్ర పట్టదు, బీపీ మాత్రలు అయిపోయాయి.

ప్రతిసారీ బండి పంపడం ఒక దారి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 పని అదే కదా. పైగా వందోసారి వచ్చిన ఫోన్ నిజంగా గుండెపోటే కావచ్చు. కానీ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక మళ్లీ అదే గది, అదే దడ.

రెండోది, అంబులెన్స్ వాళ్లూ, పీహెచ్‌సీ డాక్టరూ, ఆశా కార్యకర్తా ఆయన గురించి కూర్చుని మాట్లాడుకోవడం. అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో మెడ్‌స్టార్ అంబులెన్స్ సంస్థ 2009లో ఈ బాట పట్టింది. తరచూ ఫోన్ చేసేవాళ్ల ఇళ్లకు పారామెడిక్‌లు ముందే వెళ్లేవారు. మందులు సరిగా వేసుకుంటున్నారా, వంటింట్లో ఏముంది, ఏ ఇబ్బందికి ఎవరిని అడగాలి, అన్నీ చూసేవారు. మన దగ్గరా ముక్కలు ఉన్నాయి: వృద్ధులకు 14567 హెల్ప్‌లైన్, మనసు బాగోలేనివారికి 14416 హెల్ప్‌లైన్. ఒకరికి తెలిసిన సంగతి మరొకరికి చేరడమే కష్టం. అన్నట్టు, 14567 పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకే. దడేమో అర్ధరాత్రి వస్తుంది! ఆయన ఒప్పుకోనిదే ఆయన జబ్బు సంగతి నలుగురికీ చెప్పకూడదన్న చిక్కూ ఉంది.

నా మొగ్గు రెండోదానికే, అయితే బండి ఆపి కాదు. రాత్రి 108 వెళ్లాలి, మర్నాడు పొద్దున ఆశా కార్యకర్త వెళ్లాలి.