సాల్టేరా, న్యూ లానార్కా? ఒక్కటే చూడాలంటే ఏది మేలు?

మాది వరంగల్. ఆజంజాహి మిల్లు సైరన్ విని టైం చెప్పుకునే ఇంట్లో పుట్టాను కాబట్టి ఎక్కడ పాత మిల్లు కనపడినా ఆగిపోతా. మన దగ్గర 1934 నాటి ఆ మిల్లులో చూపించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, ఇక్కడ యూకేలో మాత్రం రెండు మిల్లు ఊళ్ళని, ఇంగ్లాండ్‌లో సాల్టేర్‌నీ స్కాట్లాండ్‌లో న్యూ లానార్క్‌నీ, 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ లిస్టులో పెట్టారు.

బిల్డింగ్ అందం కావాలంటే సాల్టేరే, వాదనే లేదు. అల్పాకా (దక్షిణ అమెరికాలోని ఒంటె జాతి జంతువు) ఉన్నితో బాగా సంపాదించిన టైటస్ సాల్ట్ బ్రాడ్‌ఫోర్డ్ నగరం మిల్లుల పొగలోంచి బయటపడి ఏర్ నది ఒడ్డున సాల్ట్స్ మిల్ కట్టించి 1853లో తన 50వ పుట్టినరోజున తెరిచాడు, ఊరి పేరు కూడా తన పేరూ నది పేరూ కలిపిందే. ముందు గోడ 545 అడుగులు, ఇటలీ ప్యాలెస్‌లా ఉంటుంది. 1868లో పక్కన కట్టిన న్యూ మిల్ చిమ్నీకైతే వెనిస్‌లోని ఫ్రారి చర్చి గంటల గోపురమే మోడల్, పొగ గొట్టానికి ఇంత సోకా అనిపించింది నాకు. లోపల ఇనప స్తంభాలు, ఇటుక ఆర్చీలు, అదంతా నిప్పు భయంతోనే. ఊళ్ళో పబ్ ఉండకూడదని ఆయన రూలు, అందుకే తర్వాత వచ్చిన ఒక బార్‌కి 'టైటస్‌కి చెప్పొద్దు' అని పేరు పెట్టారు!

నిప్పు భయం ఊరికే కాదు, స్కాట్లాండ్‌లో న్యూ లానార్క్ మొదటి మిల్లు 1788లో కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారు. అది సాల్టేర్ కంటే చాలా ముందుది, డేవిడ్ డేల్ మొదలుపెట్టిన పత్తి మిల్లు, క్లైడ్ నది నీళ్ళతో తిరిగేది కాబట్టి లోయలోకి దిగి కట్టారు. సాదా రాతి గోడలు, వరసగా కిటికీలు, అంతే. కానీ కథ ఇక్కడే ఉంది. 1800లో డేల్ అల్లుడు రాబర్ట్ ఓవెన్ పగ్గాలు తీసుకుని, పదేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం మాన్పించి, 1816లో వాళ్ళకి బడి తెరిచాడు.

సాల్ట్స్ మిల్ 1986లో మూతపడ్డాక చిత్రకారుడు డేవిడ్ హాక్నీ పెయింటింగుల గ్యాలరీ, షాపులు వచ్చాయి, ఎంట్రీ ఫ్రీ. బాగుంటుంది, కాకపోతే మర చప్పుడు లేదు. న్యూ లానార్క్‌లో ఒక మిల్లు హోటల్ అయిపోయినా ఇంకో దాంట్లో పాత మర మీద ఇప్పటికీ ఉన్ని వడుకుతున్నారు, టికెట్ కొనాలి మరి.

లీడ్స్‌లో ఉండి ఒక్క పూటే ఖాళీ ఉంటే సాల్టేర్ వెళ్ళండి, ట్రైన్‌లో పావుగంటో ఇరవై నిమిషాలో. రోజంతా ఉంటే నా ఓటు న్యూ లానార్క్‌కే, పైన జలపాతాల దాకా నడవచ్చు. చంటిపిల్లలుంటే మాత్రం చూసుకోండి, కార్ పార్క్ కొండమీద ఉంది, దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడు తెలుస్తుంది.