సముద్రపు దొంగల కేసు: ముంబయి కోర్టు మేలా, మొంబాసా కోర్టు మేలా?

కాకినాడ యాంకరేజ్‌లో లంగరేసి బార్జీల నుంచి బియ్యం ఎక్కించుకుంటున్న ఓడ మీదకు రాత్రివేళ ఎవరో ఎక్కి తాళ్లు, సామాన్లు పట్టుకుపోతే అది పైరసీ కాదు. తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపు జరిగింది దొంగతనమో దోపిడీయో అవుతుంది, అది పోలీసు కేసు. ఆ హద్దు దాటాక ఒక ప్రైవేటు నౌకలోవాళ్లు సొంత లాభానికి ఇంకో నౌక మీద పడితేనే పైరసీ. సిబ్బందే తమ ఓడను హైజాక్ చేస్తే దానికి 2002 నాటి వేరే చట్టం ఉంది.

పైరసీ అయితే, పట్టుకున్న దేశమే తన కోర్టులో విచారించవచ్చు. ఓడ జెండాతో, అంటే అది ఏ దేశంలో రిజిస్టరైందన్న దానితో, పనిలేదు. 2024 మార్చిలో మన యుద్ధనౌక ఐఎన్ఎస్ కోల్‌కతా దొంగల నుంచి విడిపించిన రుయెన్ మాల్టా జెండా ఓడ. లొంగిపోయిన 35 మంది సోమాలీలను ముంబయికే తెచ్చారు.

మన దగ్గర ఒకప్పుడు పెద్ద లోటు ఉండేది. 1999లో దొంగలు హైజాక్ చేసిన అలోండ్రా రెయిన్‌బో ఓడను మనవాళ్లు వెంటాడి పట్టుకున్నారు, కానీ పైరసీకంటూ చట్టం లేక ఐపీసీ సెక్షన్లే పెట్టాల్సొచ్చింది. 2003లో సెషన్స్ కోర్టు ఏడేళ్ల శిక్ష వేస్తే, 2005లో హైకోర్టు కొట్టేసింది. 2022 నాటి సముద్రపు దొంగతనాల నిరోధక చట్టం (మారిటైమ్ యాంటీ పైరసీ యాక్ట్), అమల్లోకి వచ్చింది 2023లో, ఆ లోటు తీర్చింది. నేరానికి యావజ్జీవం దాకా, ప్రయత్నానికి పదేళ్ల దాకా శిక్ష. ఆయుధాలు దొరికి, వాటిని దాడికి తెచ్చారనడానికి ఆధారముంటే నిర్దోషినని నిందితుడే నిరూపించుకోవాలి. ప్రాణం పోతే మరణశిక్షకూ వీలుంది. మరణశిక్ష లేని దేశాలు నిందితుల్ని మనకు అప్పగించడానికి వెనకాడతాయి, అదొక్కటే దీని బలహీనత.

ఇక మొంబాసా కోర్టు సంగతి. అది ఉన్న కెన్యా సోమాలియాకు దగ్గర, పైరసీ కేసులు చూసిన అనుభవం ఉంది. కానీ 2010లో మొంబాసా హైకోర్టు బహిరంగ సముద్రంలో జరిగిన నేరంపై తమకు అధికారమే లేదంది. అప్పీలు కోర్టు దాన్ని సరిదిద్దేసరికి 2012 వచ్చింది. పైగా సాక్షులంతా అక్కడికి చేరాలి.

అందుకే ఓడల్లో పనిచేసే అమలాపురం, రాజోలు కుర్రాళ్లు సాక్షులుగా ఉండే కేసుకు మన కోర్టే మేలంటాం. వాళ్లు నెలల్లో ఇంకో ఓడెక్కేస్తారు. దిగిన వెంటనే మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇప్పించాలి. అదొక్కటే చాలదు, విచారణలో మళ్లీ చెప్పాలి. దానికి వీడియో ద్వారా వీలుంది.

ఏ కోర్టయినా కేసు వీగిపోయేది ఆధారాల దగ్గరే. ఓడ ఎక్కడుందో, బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద ఏం మాట్లాడుకున్నారో వీడీఆర్‌లో, అంటే ఓడ ప్రయాణాన్ని రికార్డు చేసే యంత్రంలో, ఉంటుంది. పాత రకాల్లో 12 గంటలే నిలుస్తుంది, ఆపైన కొత్త రికార్డు దాన్ని తుడిచేస్తుంది. దాడి ఆగగానే సేవ్ బటన్ నొక్కాలి. ఫోన్ వీడియో వాట్సాప్‌లో పంపితే కుదించుకుపోయి హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంకేతం) మారిపోతుంది, డిజిటల్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో రాయాల్సింది ఆ విలువే. అసలు ఫైలు ఉన్న ఫోన్‌నే దర్యాప్తు అధికారికి ఇచ్చి, రసీదు తీసుకోవాలి.