రోండా లోయలో గొంతు కలపాలంటే

వేల్స్ వెళ్లే మనవాళ్లు చాలామంది కార్డిఫ్ కోట చూసి, సముద్రపు ఒడ్డున ఒక పూట గడిపి తిరిగి వచ్చేస్తారు. ఆ దేశానికి పేరు తెచ్చిన పురుషుల బృందగానం వినాలన్న కోరిక ఉన్నవారు కూడా నగరంలో ఏదో ఒక కచేరీకి టికెట్ కొని తృప్తి పడతారు. నా సలహా వేరు. కార్డిఫ్‌లో రైలు మారి, ఒకప్పుడు బొగ్గు గనులతో నిండిన రోండా లోయకు వెళ్లండి. అక్కడే ఒక రాత్రి ఉండండి. కచేరీ బదులు అక్కడి గాన బృందాల సాధనకు వెళ్లండి. బ్రిటన్‌లోనే ఉంటున్నవారైతే, పాడాలన్న ఇష్టం ఉంటే, చేరిపోండి. బ్రిస్టల్‌లో ఉద్యోగం చేసుకుంటూ నేను అలాగే చేరాను. వందేళ్లు దాటిన బృందం అది. జీతాలు తీసుకునే గాయకులు ఒక్కరూ లేరు.

నాకు ఆ లోయ మీద ఇంత మమకారం ఎందుకో చెప్పాలి. నేను పుట్టింది ఇల్లందులో. నాన్న సింగరేణి కార్మికుడు. 1871లో మా ఊరి దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టిన విలియం కింగ్ బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త. 1886లో తవ్వకం హక్కులు పొందిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇంగ్లాండ్‌లో నమోదైనది. సరిగ్గా ఆ కాలంలోనే రోండా కూడా బొగ్గుతో నిండుగా ఎదుగుతోంది. షిఫ్టు దిగిన కార్మికులు మా రామాలయంలో హార్మోనియం చుట్టూ చేరి భజన చేసేవారు. రోండావాళ్లు చాపెల్‌లో, అంటే చిన్న చర్చిలో, చేరి నాలుగు స్థాయిల గొంతులతో నాలుగు వరుసలుగా పాడారు. గని మూతపడటం అంటే ఏమిటో రెండు ఊళ్లకూ తెలుసు. రోండాలో చివరి గని మార్డీ 1990 డిసెంబరులో మూతపడింది.

ప్రయాణం సులువే. కార్డిఫ్ సెంట్రల్ స్టేషన్‌లో ట్రెహర్బర్ట్ వెళ్లే రైలు ఎక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా ట్రియోర్కీ చేరుస్తుంది. విద్యుదీకరణ కోసం 2023లో ఈ మార్గాన్ని మూసి 2024 మొదట్లో తిరిగి తెరిచారు. పగలు ఇబ్బంది లేదు. రాత్రి సాధన ముగిసేసరికి వెనక్కి వెళ్లే రైళ్లు పలచబడతాయి. మరమ్మతులున్న రోజుల్లో రైలుకు బదులు బస్సు పెడతారు. అలాంటి ఒక రాత్రి వర్షంలో చాలాసేపు నిలబడ్డాక, సాధన రోజున లోయలోనే ఉండాలని నియమం పెట్టుకున్నాను. దారిలో పాంటీప్రిడ్‌లో ఒకసారి దిగండి. 1756లో విలియం ఎడ్వర్డ్స్ కట్టిన ఒకే కమాను రాతి వంతెన, దానికి కాస్త దూరంలో పార్కు ఉన్నాయి. వేల్స్ జాతీయ గీతాన్ని 1856లో రూపొందించిన తండ్రీకొడుకులు ఇవాన్ జేమ్స్, జేమ్స్ జేమ్స్‌ల స్మారకం ఆ పార్కులో ఉంది.

ట్రియోర్కీ చిన్న పట్టణం. ఒకటే పెద్ద వీధి, దానికి రెండు వైపులా సొంతదారులు నడిపే దుకాణాలు. బ్రిటన్‌లో ఉత్తమ వ్యాపార వీధిగా 2019 పురస్కారం దీనికే వచ్చింది. చూడవలసింది మాత్రం పార్క్ అండ్ డేర్ థియేటర్. పార్క్, డేర్ అన్న రెండు గనుల కార్మికులు తమ జీతంలో పౌనుకు ఒక పెన్నీ చొప్పున ఇచ్చి కట్టుకున్న భవనం అది. గ్రంథాలయం, చదువుకునే గది, ఆ తర్వాత నాటకశాల అన్నీ కూలి డబ్బుతోనే లేచాయి. లోపల ఏ ప్రదర్శన ఉన్నా సరే, టికెట్ కొని ఒకసారి కూర్చోండి.

ఈ ఊరి పేరుతోనే ఉన్న ట్రియోర్కీ మేల్ కోయిర్ (పురుషుల గాన బృందం) మూలాలు 1883 నాటివి. రెడ్ కౌ అనే హోటల్లో జరిగిన పాటల పోటీకి కలిసిన కుర్రాళ్లతో అది మొదలైంది. 1895లో విండ్సర్ కోటలో విక్టోరియా రాణి ముందు పాడారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జాన్ హేడన్ డేవిస్ దాన్ని మళ్లీ నిలబెట్టారు. ఆ బృందం చరిత్రలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించినది 1957 అక్టోబరు. అమెరికా ప్రభుత్వం పాస్‌పోర్టు లాక్కోవడంతో నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ దేశం దాటలేకపోయాడు. వేల్స్ తీరంలోని పోర్త్‌కాల్‌లో గని కార్మికులు జరుపుకునే పాటల పండుగ కోసం ఆయన న్యూయార్క్ నుంచి టెలిఫోను తీగ మీద పాడాడు. సముద్రానికి ఇవతల హాలు నిండా జనం విన్నారు. తిరిగి ఆయనకు పాడి వినిపించింది ట్రియోర్కీ బృందమే. పక్క లోయలోని టైలర్స్‌టౌన్‌లో 1924లో పుట్టిన పెండైరస్ బృందానిది మరో కథ. దాన్ని మొదలుపెట్టినవారిలో చాలామంది అప్పటికి పని లేక ఉన్న గని కార్మికులు.

ఇక సాధన సంగతి. సాయంత్రం ఏడు దాటాక మొదలై దాదాపు రెండు గంటలు సాగుతుంది. హెచ్చు గొంతు నుంచి మంద్ర గొంతు దాకా నాలుగు వరుసలు: పై టెనర్, రెండో టెనర్, బారిటోన్, బేస్. చేరాలని వచ్చినవారిని కండక్టర్, అంటే చేతి సైగలతో బృందాన్ని పాడించేవారు, పియానో దగ్గరకు పిలిచి మెట్టు మెట్టుగా స్వరాలు పాడిస్తారు. గొంతు ఎక్కడ తేలికగా నిలుస్తుందో చూసి వరుస చెబుతారు. నాది రెండో టెనర్. స్వరలిపి చదవడం రావాలన్న నిబంధన చాలా బృందాల్లో లేదు. పక్కన అనుభవం ఉన్న సభ్యుణ్ణి కూర్చోబెడతారు. నా పక్కన కూర్చునే పెద్దాయన భూమి కింద పనిచేసి వచ్చినవాడే. ఆయన పాడుతుంటే విని పట్టుకోవడమే నా చదువు.

కర్ణాటక సంగీతంలో సరళీ వరసలు నేర్చుకున్నవారికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో జాన్ కర్వెన్ ప్రచారం చేసిన, స్వరాలను డో, రే, మీ అక్షరాలతో రాసే టానిక్ సోల్ఫా పద్ధతితో వేల్స్ చాపెళ్లలో పాటలు నేర్పేవారు. అందులో 'డో' ఏ శ్రుతిలోనైనా ఉండవచ్చు, మన షడ్జం లాగానే. పాత ప్రతుల్లో ఆ అక్షరాలు చూడగానే చేతివేళ్లు తాళం వెతుక్కున్నాయి. కష్టం మరోచోట ఉంది. మన గొంతుకు అలవాటైన గమకం, అంటే స్వరాన్ని ఊపడం, ఇక్కడ పూర్తిగా మానేయాలి. స్వరాన్ని నిటారుగా పట్టాలి. పక్కవాడు వేరే స్వరం పాడుతున్నా మన స్వరం వదలకూడదు. మా భజనలో అందరిదీ ఒకటే వరస కాబట్టి ఈ నిగ్రహం నాకు కొత్త. మొదటి వారాల్లో పై టెనర్ల వైపు జారిపోయేవాణ్ణి. బేస్ వరుసను చెవితో పట్టుకోవడం నేర్చుకున్నాక నా స్వరం నిలబడటానికి ఒక నేల దొరికింది. దీర్ఘ స్వరం మధ్యలో అందరూ ఒకేసారి ఊపిరి తీయరు. ఒకరి తర్వాత ఒకరు తీసుకుంటారు. వినేవారికి తెగని ధారలా అందుతుంది. వెల్ష్ మాటలు రాసినట్టే పలుకుతాయి కాబట్టి తెలుగువాళ్లకు త్వరగా వస్తాయి. పాటలన్నీ కంఠస్థం కావాలి, చూపు కాగితం మీద కాక కండక్టర్ చేతి మీద ఉండాలి. మొదట నేర్పినది 'మవాన్వీ'. దాని స్వరకర్త జోసెఫ్ పారీ చిన్నతనంలోనే గని పనికి వెళ్లినవాడు. మెర్థర్ టిడ్విల్‌లో ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల.

సాధన తర్వాత చాలామంది దగ్గరలోని పబ్‌కు వెళ్తారు. మందు తాగనివారికి అక్కడ ఏం పని అనుకోవద్దు. నిమ్మ సోడా పట్టుకుని కూర్చున్నా ఎవరూ అడగరు. కొత్తవాళ్లకు పాటల అర్థం, పాత కండక్టర్ల కథలు తెలిసేది అక్కడే. ఎవరో ఒకరు మెల్లగా అందుకుంటే బల్లల దగ్గరే నాలుగు వరుసలూ కలుస్తాయి. కచేరీలో ఇంత దగ్గరగా వినలేరు.

బసకు మూడు రకాలు ప్రయత్నించాను. కార్డిఫ్ స్టేషన్ పక్కనున్న, పెద్ద కంపెనీలు ఊరూరా నడిపే హోటళ్లు శుభ్రంగా ఉంటాయి, ధర కూడా ఫరవాలేదు, కానీ పాట మధ్యలో గడియారం చూసుకోవలసి వస్తుంది. లోయలో పబ్ పైన గదులు ఖర్చు తక్కువ. ఒకచోట గది రాత్రంతా చల్లగా ఉంది, కింద సంగీతం అర్ధరాత్రి దాటినా ఆగలేదు. నాకు నచ్చింది కొండవాలు మీద వరుస ఇళ్లలో ఒక కుటుంబం నడిపే అతిథి గృహం. శాకాహారినని ముందే చెబితే పుట్టగొడుగులు, బీన్స్, రొట్టెతో ఉదయం పళ్లెం పెడతారు. సముద్రపు నాచుతో చేసే లావర్‌బ్రెడ్ అడిగి తినండి, ఉప్పగా బాగుంటుంది. ఇంటి ముందు ఎక్కుడు మెట్లు ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవారు గది తీసుకునే ముందే అడగాలి. టీకి మాత్రం ఇటాలియన్ కుటుంబాల కెఫేలు. ఇటలీలోని బార్డీ అనే ఊరి చుట్టుపక్కల నుంచి వలస వచ్చినవారు బొగ్గు కాలంలో ఈ లోయల్లో వాటిని పెట్టారు.

పగలు గని చూడాలనుకుంటే రెండు దారులు. ట్రెహాఫోడ్‌లోని రోండా హెరిటేజ్ పార్క్ దగ్గరలోనే ఉంది, పిల్లలకు అనుకూలం, పాత కార్మికులే చూపిస్తారు. అయితే నిజమైన గని కావాలంటే బ్లానావన్‌లోని బిగ్ పిట్‌కు వెళ్లాలి. హెల్మెట్, దీపం కట్టి పంజరం లాంటి లిఫ్టులో 90 మీటర్లు కిందికి దించుతారు. బ్యాటరీ ఉన్న వస్తువులన్నీ పైనే తీసేసుకుంటారు, ఫోను, గడియారంతో సహా. నాన్న రోజూ దిగిన చీకటి ఎలాంటిదో నాకు అక్కడే తెలిసింది. ఒక్కటే చూసే వీలుంటే దాన్నే ఎంచుకోండి, రోండా నుంచి దూరమైనా సరే. ఉత్తరాన లంగోలెన్‌లో 1947 నుంచి జూలైలో జరిగే అంతర్జాతీయ సంగీతోత్సవం గొప్పదే. దాన్ని వేరే ప్రయాణంగా పెట్టుకోండి.

నగరంలో కచేరీ, విందు కలిపి అమ్మే ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. నేను వెళ్లినదానిలో పాటలు తక్కువ, భోజనం ఎక్కువ, ఖర్చు మరీ ఎక్కువ. సాధన వినడానికి సాధారణంగా టికెట్ ఉండదు. తలుపు దగ్గర విరాళం పెట్టె కనిపిస్తే అందులో మనసారా వేయండి, కండక్టర్‌కు, పియానో వాయించేవారికి ఇచ్చే గౌరవ వేతనం సభ్యుల చందాల నుంచీ ఇలాంటి వాటి నుంచే వస్తుంది. చేరేవారు కొన్ని నెలలు పరిశీలనలో ఉంటారు, ఆ తర్వాతే బృందం కోటు, టై. సభ్యుల్లో అరవై దాటినవారే ఎక్కువ కాబట్టి కొత్త గొంతు వస్తే చాలా సంతోషిస్తారు. స్త్రీలు, పిల్లలు కూడా వెనక కూర్చుని వినవచ్చు. ఆగస్టులో చాలా బృందాలకు సెలవు ఉంటుంది. టికెట్లు కొనే ముందే కార్యదర్శికి రాసి ఏ రోజు సాధనో అడగండి.