థీసిస్ పీడీఎఫ్‌లు డబ్బు పెట్టి కొంటున్నారా? ముందు ఇది చదవండి

నెల్లూరు, ఒంగోలు వైపు పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు జాగ్రత్త. పోయిన నెల నాకు 1,800 రూపాయలు వదిలాయి.

నాది రొయ్యల చెరువుల టాపిక్. ఇందుకూరుపేట, అల్లూరు మండలాల్లో రైతుల అప్పుల మీద చేస్తున్నాను. స్కాలర్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన "ఆక్వా మీద 40 థీసిస్‌లు, బయట ఎక్కడా దొరకవు" అని పెట్టాడు. సినాప్సిస్ (పరిశోధన సారాంశం) ఇవ్వాల్సిన టెన్షన్‌లో ఉన్నానేమో, వెంటనే ఫోన్‌పే కొట్టేశాను.

లింకు తెరిస్తే ఏ ఫైల్లోనూ టైటిల్ పేజీ లేదు, గైడు సర్టిఫికెట్ లేదు. ఎత్తుకోవడమే మొదటి చాప్టర్. పేజీల అడుగున తెల్ల పట్టీ వేసి ఏదో కప్పేశారు. ఒక్క ఫైలుకు మాత్రం పేరు మార్చడం మర్చిపోయారు. ముందు అంకె, గీత, ఆ తర్వాత చాప్టర్ నంబరు. థీసిస్‌లు ఉచితంగా పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఫైళ్లకు అచ్చం ఇలాగే ఉంటాయి పేర్లు! అక్కడికెళ్లి వెతికితే మొత్తం థీసిస్ పైసా లేకుండా దొరికింది. ఆ రాత్రే ఇంకో పన్నెండు వెతికాను, పదకొండు అక్కడే ఉన్నాయి.

శోధ్‌గంగను నడిపేది గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) కింద పనిచేసే సంస్థ. 2009 యూజీసీ నిబంధనల తర్వాత యూనివర్సిటీలు థీసిస్‌లను అందులో పెడుతున్నాయి. ఎవరైనా చదువుకోవచ్చు, రాసినవాళ్ల పేరు చెప్పి వాడుకోవచ్చు. అమ్ముకోవడానికి మాత్రం శోధ్‌గంగ లైసెన్సు ఒప్పుకోదు. ఉచితంగా పెట్టినంత మాత్రాన కాపీరైట్ ఎక్కడికీ పోదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. పేరు కోసేసిన థీసిస్‌ను ఎవరిదని చెప్పి నేను ఉదహరించాలి? పేరు లేకుండా వాడితే అది కాపీ కిందికే వస్తుంది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే తిరగరాసుకోవాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అప్పుడు ఇరుక్కునేది మనం, అమ్మినవాడు కాదు.

అడిగితే "అది ఫార్మాటింగ్ చార్జీ మేడమ్" అన్నాడు. తెల్ల పట్టీలు వేయడమా ఫార్మాటింగ్? మళ్లీ మెసేజ్ పెట్టేసరికి బ్లాక్ చేశాడు.

శోధ్‌గంగలో దొరకకపోతే రాసినవాళ్లకే మెయిల్ పెట్టండి. నేను ఒకరికి రాస్తే మర్నాటికల్లా పంపించారు, పైగా సర్వే ప్రశ్నావళి కూడా జతచేశారు.

నిన్న ఇంకో గ్రూపులో అదే మెసేజ్ మళ్లీ కనిపించింది. ఈసారి పొగాకు రైతుల మీదట, రేటు 2,500. కందుకూరు, ఒంగోలు స్కాలర్లూ, చూసుకోండి.